గుమ్మం మీద లాంతరు, నేలకింద పీపాలు

పాత ఆస్ట్రేలియా పబ్బు ఏదైనా సరే, లోపలికి వెళ్లగానే ముందు గోడలు చూడండి. చాలావాటిలో నేల నుంచి ఛాతీ ఎత్తు దాకా పింగాణీ పలకలు ఉంటాయి. ముదురాకుపచ్చ, గోధుమరంగు, మీగడ తెలుపు. ఇప్పటివాళ్లు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. అప్పట్లో మాత్రం కడగడం సులువని అతికించారు. గంట కొట్టి జనాన్ని బయటికి పంపాక, ఒలికిన బీరు, సిగరెట్టు పీకలు, ఒక్కోసారి వాంతులు, అన్నిటినీ గొట్టంతో నీళ్లు కొట్టి కాలవలోకి తోసేసేవాళ్లు.

మనకి ముచ్చటగా కనిపించే వాటిలో సగం ఇలాంటివే. వీధి మలుపులో మూల చెక్కేసినట్టుండే గుమ్మం, దాని మీద లాంతరు తగిలించిన ఇనుప కొక్కెం, తలుపు పైన చిన్న అక్షరాల్లో లైసెన్సుదారు పేరు, కాలిబాటలోంచి నేలమాళిగకి దిగే తలుపులు, పక్క సందులో ఆడవాళ్లకని వేరే ద్వారం. ఒకదాని వెనక చట్టం, ఒకదాని వెనక వ్యాపార లెక్క, ఇంకోదాని వెనక చర్చి భయం. పబ్బు నడిపినవాళ్ల బతుకులు కూడా వాటి చుట్టూనే తిరిగాయి.

మొదట్లో బీరు ఎక్కడిది, అంతా రమ్మే. 1788లో ఖైదీల వలసగా మొదలైన సిడ్నీలో నాణేలు కరువు. రమ్ముతోనే కూలి ఇచ్చారు, రమ్ముతోనే ధాన్యం కొన్నారు. ఓడ వచ్చిందంటే అక్కడి సైన్యమైన న్యూ సౌత్ వేల్స్ దళం అధికారులు సరుకంతా ఒకే చేతికి కొనేసి, అయినకాడికి ధర పెంచి అమ్ముకునేవాళ్లు. ఆ రమ్ములో కొంత మన కలకత్తా నుంచి పోయిందే. 1796 నవంబరులో కలకత్తాలో బయల్దేరిన 'సిడ్నీ కోవ్' అనే ఓడలో సుమారు 7,000 గ్యాలన్ల మద్యం ఉంది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో టాస్మానియాకి ఉత్తరాన ఒక దీవి దగ్గర ఓడ నీళ్లు పట్టి ఒరిగిపోయింది. కెప్టెన్ గై హామిల్టన్ చేసిన మొదటి పనుల్లో ఒకటి, రమ్ము పీపాల్ని పక్కనే ఉన్న ఇంకో చిన్న దీవికి తరలించడం. చలికీ ఆకలికీ భయపడి కాదు, నావికులు ఆ పీపాల మీద పడతారని. ఆ దీవి పేరు ఇప్పటికీ రమ్ దీవే. సాయం కోసం పడవలో సిడ్నీకి బయల్దేరిన 17 మందిలో, ఆ పడవా పగిలిపోయి తీరం వెంబడి నడిచి, ప్రాణాలతో చేరినవాళ్లు ముగ్గురు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన లస్కర్లే, అంటే మన దేశపు నావికులే.

1796లో గవర్నర్ హంటర్ అదుపు కోసం కొద్దిమందికి లైసెన్సులు ఇచ్చాడు. ఆ తొలితరం పబ్బు యజమానుల చరిత్ర చూస్తే నవ్వొస్తుంది. పారమట్టాలో 'మేసన్స్ ఆర్మ్స్' నడిపిన జేమ్స్ లారా వెండి ముంత దొంగిలించి ఉరిశిక్ష పడి, అది తగ్గించాక ఖైదీగా ఓడెక్కినవాడు. జేమ్స్ స్క్వైర్ సంగతి ఇంకా బాగుంటుంది. ఆస్పత్రి సరుకుల్లోంచి మిరియాలు, ఒక రకం చేదు మూలిక కాజేసినందుకు 1789లో అతనికి 300 కొరడా దెబ్బలు విధించారు. బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు దొరకని చోట ఆ చేదుని అలాంటి మూలికలతోనే పుట్టించేవాళ్లు. అదే మనిషి తర్వాత పారమట్టా నది ఒడ్డున కిసింగ్ పాయింట్ దగ్గర 'మాల్టింగ్ షవెల్' పబ్బు పెట్టాడు. సిడ్నీకీ పారమట్టాకీ సరిగ్గా నడిమధ్య, పడవవాళ్లు ఆగక తప్పని చోటు. 1806 నాటికి హాప్స్ పండించి చూపిస్తే గవర్నర్ కింగ్ సర్కారు మందలోంచి ఒక ఆవుని బహుమతిగా ఇచ్చాడు.

రమ్ము ఎంత దూరం పోయిందంటే, 1808 జనవరి 26న రమ్ము వ్యాపారాన్ని అదుపు చెయ్యబోయిన గవర్నర్ బ్లైనే సైనికులు పదవి నుంచి దించేశారు. తర్వాత వచ్చిన గవర్నర్ మక్వారీకి ఆస్పత్రి కట్టాలి, చేతిలో డబ్బు లేదు. ముగ్గురు గుత్తేదార్లకి 45,000 గ్యాలన్ల రమ్ము దిగుమతి చేసుకునే హక్కు రాసిచ్చి, దానికి బదులుగా కట్టించుకున్నాడు. ఆ భవనంలో ఒక రెక్కలోనే ఇప్పుడు న్యూ సౌత్ వేల్స్ శాసనసభ కూర్చుంటోంది.

1830ల నుంచి చట్టాలు గట్టిపడ్డాయి. పబ్బు యజమాని అంటే గల్లాపెట్టె ముందు కూర్చునే సారా వ్యాపారి అనుకుంటే పొరపాటు. లైసెన్సు కావాలంటే తన కుటుంబం ఉండే గదులు కాక, బాటసారుల కోసం కూర్చునే గదులు, పడకగదులు సిద్ధంగా చూపించాలి. గుర్రాలకి సాల ఉండాలి. మరుగుదొడ్డి ఉండాలి, లేకపోతే తాగినవాళ్లు వీధిని పాడుచేస్తారు. గుమ్మం మీద పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా లాంతరు వెలుగుతూ ఉండాలి. వీధి దీపాలు లేని ఊళ్లలో రాత్రి నడిచేవాడికి అదే గుర్తు. నూనె ఖర్చు యజమానిదే, ఆరిపోతే జరిమానా కూడా అతనిదే. అందుకే నలుగురు బస చెయ్యని పల్లెలో కూడా బోర్డు మీద 'హోటల్' అనే ఉంటుంది. పై అంతస్తులో వరసగా ఇరుకు గదులూ, చివర ఒక్కటే స్నానాల గదీ ఉంటాయి.

శవాల సంగతి చాలామందికి తెలియదు. ఊళ్లో అనుమానాస్పదంగా ఎవరైనా పోతే విచారణ జరిగేది పబ్బులోనే. కరోనరు అనే విచారణాధికారి, జ్యూరీ పెద్దలు అంతమంది పట్టే గది ఊరంతటిలో ఇంకోటి ఉండేది కాదు. అది పూర్తయ్యేదాకా శవాన్ని ఉంచుకోవలసిన బాధ్యత కూడా యజమానిదే. పీపాలుండే చల్లటి నేలమాళిగో, పెరట్లో కొట్టమో చూపించేవాడు.

లైసెన్సు కాగితాల్లో ఆడవాళ్ల పేర్లు లెక్కకు మిక్కిలి. భర్త పోతే లైసెన్సు భార్య పేరుకి మారేది. గదులు సర్దడం, వంట, పద్దులు, తాగి పేచీపెట్టేవాణ్ని బయటికి పంపడం, అన్నీ భర్త ఉండగానే ఆవిడ చేతి మీదుగా నడిచేవి కాబట్టి మేజిస్ట్రేటు కూడా పెద్దగా అడ్డు చెప్పేవాడు కాదు. మన పాత ఊళ్లలో పూటకూళ్లమ్మ ఎలాగో, అక్కడ వితంతు పబ్బు యజమానురాలు అలాగ. ఊరందరి గుట్టూ తెలిసిన మనిషి, ఎవరికి అప్పివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తెలిసిన మనిషి.

ఇక బంగారం. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడ్డాక తవ్వకాల మీద మద్యం అమ్మడం నిషేధించారు. నిషేధం పెట్టిన మరుక్షణం నిమ్మరసం గుడారాలు, కాఫీ గుడారాలు పుట్టుకొచ్చాయి. పైన కెటిల్, కింద పీపా. మొదటిసారి పట్టుబడితే 50 పౌండ్లు జరిమానా, గుడారానికి నిప్పు. జరిమానాలో వాటా పట్టుకున్న పోలీసుకి. ఈ వాటా దగ్గరే అంతా చెడింది. మామూలు ఇచ్చే దుకాణాన్ని వదిలేసి, ఇవ్వని దుకాణాన్ని తగలబెట్టడం రివాజైపోయింది. 1853లో బల్లారట్‌లో థామస్ బాత్‌కి సక్రమంగా లైసెన్సు దొరికింది. అతని హోటలే ఇప్పటి క్రెయిగ్స్ రాయల్ హోటల్, ఇంకా నడుస్తోంది.

అదే ఊళ్లో ఒక పబ్బు యజమాని మొత్తం వలస రాజ్యాన్ని కుదిపేశాడు. పేరు జేమ్స్ బెంట్లీ, పబ్బు పేరు యురేకా హోటల్. 1854 అక్టోబరు 7 అర్ధరాత్రి దాటాక జేమ్స్ స్కోబీ అనే తవ్వకందారు ఇంకో గుక్క కోసం తలుపు బాదాడు. గొడవ జరిగింది, స్కోబీ చనిపోయాడు. విచారించిన మేజిస్ట్రేటుకి బెంట్లీతో ఆర్థిక లావాదేవీలున్నాయని అందరికీ తెలుసు. బెంట్లీ నిర్దోషి అన్నారు. అక్టోబరు 17న వేలమంది జనం మూగి హోటల్‌ని బూడిద చేశారు. తర్వాత మళ్లీ విచారణ జరిపి బెంట్లీకి 3 ఏళ్లు కఠిన శిక్ష వేశారు గానీ, అప్పటికే చేయి దాటిపోయింది. డిసెంబరు 3న తవ్వకందార్లు తిరగబడి కట్టుకున్న యురేకా కంచె దగ్గర సైన్యం కాల్పులు జరిపింది. తవ్వకాల పన్ను మీద కోపం ఎప్పట్నుంచో ఉంది, దానికి అగ్గి అంటుకున్నది మాత్రం పబ్బు గుమ్మంలో.

లోపలి మైదానాల్లో పబ్బు పద్ధతే వేరు. కాబ్ అండ్ కో గుర్రపు బళ్లు 1850ల నుంచి 1924 దాకా నడిచాయి. 10, 15 మైళ్లకోసారి గుర్రాలు మార్చాలి, మార్చే చోటల్లా ఒక సత్రం లేచింది. రైలు వచ్చి బళ్లు ఆగిపోగానే వాటిలో చాలా సత్రాలు ఇటుక పొయ్యి గొట్టాలుగా మిగిలాయి. బళ్ల ప్రయాణికుల కన్నా యజమానికి పెద్ద రాబడి గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీల నుంచి వచ్చేది. నెలల తరబడి పని చేసి, కత్తిరింపు ముగిశాక మొత్తం కూలి ఒకే చెక్కుగా తీసుకుని వచ్చేవాడు కూలీ. దాపుల్లో బ్యాంకు లేదు. చెక్కు యజమాని చేతికిచ్చి "అయిపోయినప్పుడు చెప్పు" అనేవాడు. ఇక యజమాని ధర్మం ఎంతుంటే అంత. మర్యాదస్తుడైతే దారి ఖర్చుకి కొంత వెనక్కిచ్చి, ఓ సీసా చేతిలో పెట్టి పంపేవాడు. అవతలి రకంవాడు మొదటి రోజే పొగాకు నీళ్లు కలిపిన రమ్ము పోసి పడుకోబెట్టేవాడు. లేచేసరికి "నిన్న అందరికీ పోయించావుగా" అని పద్దు చూపించేవాడు. కాదని చెప్పడానికి కూలీకి నిన్నటి సంగతి గుర్తుండదు. పెరట్లో దీనికోసమే తడికెల కొట్టం ఒకటి ఉండేది, స్పృహ లేనివాళ్లని వరసగా దొర్లించడానికి. పాత పబ్బుల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ కొట్టాన్ని దాటేసి వెళ్తారు. దాటెయ్యకూడదు.

యజమానే నలిగిపోయిన కథలూ ఉన్నాయి. 1880 జూన్‌లో నెడ్ కెల్లీ అనే దోపిడీ దొంగ ముఠా గ్లెన్రోవన్‌లో ఆన్ జోన్స్ సత్రాన్ని పట్టుకుని ఊరి జనాన్ని అందులో బందీలుగా పెట్టింది. పలచటి చెక్క గోడలు, పోలీసు గుళ్లు సూటిగా దూసుకెళ్లాయి. ఆవిడ కొడుకు చనిపోయాడు. జూన్ 28న పోలీసులు సత్రానికి నిప్పుపెట్టారు. పైగా దొంగలకి ఆశ్రయమిచ్చిందని ఆవిడ మీదే కేసు, అది వీగిపోయింది. నష్టపరిహారం కోసం తిరగ్గా తిరగ్గా 265 పౌండ్ల చిల్లర చేతికొచ్చింది.

ఇప్పుడు బీరు సంగతి. ఇంగ్లండు పద్ధతి బీరైన ఏల్ సుమారు 18 నుంచి 22 డిగ్రీల దగ్గర పులియాలి. ఆస్ట్రేలియా వేసవిలో నీడలోనే 38, 40 ఉంటుంది. అంత వేడిలో ఈస్టుతో పాటు గాలిలోని సూక్ష్మజీవులూ విజృంభిస్తాయి, రెండు వారాల్లో బీరు వెనిగరులా పుల్లబడుతుంది. మాల్టు తక్కువై చెరకు పంచదార కలిపితే పులుపు ఇంకా పలచగా, ఇంకా గట్టిగా తగిలేది. గీలాంగ్‌లో పత్రికా సంపాదకుడైన జేమ్స్ హారిసన్ 1850ల్లోనే ఈథరుతో ఐసు తయారుచేసే యంత్రం కట్టాడు. దాన్ని తొలుదొల్త వాడుకున్నవాళ్లలో బెండిగోలోని ఒక బీరు కర్మాగారం ఉంది. 10 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పులిసే లాగర్ రావడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది. అమెరికా నుంచి వచ్చిన ఫాస్టర్ అన్నదమ్ములు మెల్‌బోర్న్‌లో శీతల యంత్రాలు బిగించి 1889లో లాగర్ అమ్మారు. గిరాకీ పెంచడానికి వేసవిలో పబ్బులకి ఐసు ఉచితంగా పంపేవాళ్లు. ఏడాది తిరక్కుండానే కర్మాగారం అమ్మేసి వెళ్లిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. వెచ్చటి బీరు తాగే జనం చన్నీటి లాంటి బీరు తప్ప ముట్టని జనంగా మారింది ఆ తరంలోనే.

పీపా లెక్కలు పాత బారువాళ్లకి నోటికొచ్చేవి. మామూలు పీపా 18 గ్యాలన్లు, చిన్నది 9. 18 గ్యాలన్ల పీపాలో బీరు ఒక్కటే 80 కిలోల పైచిలుకు, ఓక్ చెక్క బరువు అదనం. 10 ఔన్సుల గ్లాసులు లెక్కకి 288 రావాలి, 15 ఔన్సుల స్కూనర్లైతే 192. నురగకీ గొట్టాల్లో మిగిలేదానికీ పోగా వచ్చేవి అంతకన్నా తక్కువే. ఎంత తక్కువ అన్నదాని మీదే బారు మేనేజరు ఉద్యోగం ఆధారపడేది.

బండి గుమ్మం ముందు ఆగాక కాలిబాటలోని తలుపులు తెరిచి, రెండు దుంగల మీదుగా పీపాని దింపాలి. తాడు ఒక కొస పైన కట్టి, పీపా చుట్టూ తిప్పి, రెండో కొస పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతారు. కింద గడ్డి కుక్కిన గోనె సంచి ఉంటుంది, పీపా దాని మీద కూచోవాలి. తాడు తడిస్తే జారుతుంది, జారితే అరచేతులు కాల్తాయి, చెయ్యి వదిలితే కింద ఉన్నవాడి కాళ్లు పోతాయి. దిగాక పీపా మూత మీద సుద్దముక్కతో తేదీ రాస్తారు. ముందు వచ్చింది ముందు తెరవాలి. బద్ధకించి దగ్గరున్నది తెరిస్తే మూలనున్నది పులిసిపోతుంది.

తెరవడం ఒక్క దెబ్బ పని. పీపాని దిమ్మెల మీద కదలకుండా ఆనించి, చీలలు కొట్టి, కుదుట పడనిచ్చి, బిరడా చుట్టూ శుభ్రంగా కడిగి, ఇత్తడి కుళాయి మొన సరిగ్గా మధ్యలో పెట్టి చెక్క సుత్తితో గట్టిగా ఒక్క పోటు. అరకొరగా కొడితే బిరడా సగం లోపలికి పోయి బీరు కప్పుదాకా చిమ్ముతుంది. తర్వాత చేతిపంపుతోనో, ఒత్తిడి గాలితోనో పైకి. పైన కౌంటరు కింద ఐసు పెట్టెలో చుట్టచుట్టిన గొట్టంలోంచి తిరిగి వచ్చేసరికి చల్లబడుతుంది.

నురగ దగ్గరే పోసేవాళ్ల పనితనం తెలుస్తుంది. నురగ తెగ పొంగుతోందంటే బీరు వెచ్చగా ఉంది, లేదా ఒత్తిడి ఎక్కువైంది, లేదా గొట్టంలో గార పట్టింది. అసలు నిలవకుండా చప్పబడిపోతోందంటే గ్లాసుకి జిడ్డో సబ్బో ఉంది. సబ్బుతో కడిగి తువ్వాలుతో తుడిచిన గ్లాసు పైకి తళతళలాడుతుంది గానీ బీరుకి శత్రువు. చన్నీళ్లలో జాడించి బోర్లించి వదిలెయ్యాలి. గొట్టాల్ని వారానికోసారి కాస్టిక్ సోడా నీళ్లతో నింపి కాసేపు ఉంచి, చేతికి జారుడు తగలకుండా పోయేదాకా మంచినీళ్లు తోలాలి. ఇది ఎగ్గొట్టిన పబ్బులో మొదటి గుక్కలోనే పుల్ల వాసన వస్తుంది. అలవాటైనవాళ్లు గ్లాసు కింద పెట్టి ఎదుటి మలుపులోని పబ్బుకి నడుస్తారు. ఎదుటి మలుపులో ఇంకో పబ్బు తప్పకుండా ఉండేది.

తప్పకుండా ఉండటమే మద్యనిషేధం వాళ్ల కోపం. విక్టోరియాలో 1907 నుంచి 1916 దాకా ఒక బోర్డు పని చేసి వెయ్యికి పైగా పబ్బుల్ని మూయించింది. మలుపుల్లో మూల గుమ్మంతో ఉండి, ఇప్పుడు ఇళ్లుగానో దంత వైద్యశాలలుగానో కనిపించే భవనాల్లో చాలా వాటికి అప్పుడే తాళం పడింది. దక్షిణ ఆస్ట్రేలియా 1908లో కొత్తగా ఆడవాళ్లని బారు పనిలో చేర్చుకోవడమే ఆపేసింది. అప్పటికే ఉన్నవాళ్లు పేరు నమోదు చేయించుకుని కొనసాగొచ్చు.

తర్వాత యుద్ధం వచ్చింది. 1916 ఫిబ్రవరి 14న సిడ్నీ శివార్లలోని శిబిరాల్లో శిక్షణ గంటలు పెంచారని వేలమంది సైనికులు తిరగబడ్డారు. లివర్‌పూల్ పబ్బుల మీద పడి పీపాలు ఖాళీ చేసి, రైళ్లెక్కి నగరంలోకి వచ్చి అద్దాలు పగలగొట్టారు. సెంట్రల్ స్టేషన్లో కాల్పులు జరిగి ఒక సైనికుడు చనిపోయాడు. అదే ఏడు జూన్‌లో న్యూ సౌత్ వేల్స్‌లో ఓటింగు పెడితే జనం సాయంత్రం 6 గంటలకే పబ్బులు మూసెయ్యమన్నారు. దక్షిణ ఆస్ట్రేలియా, విక్టోరియా, టాస్మానియా కూడా 1916లోనే ఆ దారి పట్టాయి. యుద్ధకాలానికని పెట్టిన రూలు యుద్ధమయ్యాక కూడా పోలేదు.

కార్ఖానాలు 5 గంటలకి వదులుతాయి. పబ్బు 6కి మూస్తారు. రోజు మొత్తం అమ్మకంలో సింహభాగం ఆ ఒక్క గంటలోనే. దానికోసం పబ్బు లోపలి రూపమే మారిపోయింది. బిలియర్డు బల్లలు తీసేశారు, కుర్చీలు తీసేశారు. మధ్య గోడలు కొట్టేసి కౌంటరుని గది చుట్టూ తిప్పారు. కౌంటరు ఎన్ని అడుగులుంటే అంత వ్యాపారం. కుళాయి దగ్గరికి గ్లాసులు తెచ్చే తీరిక లేక, పొడుగాటి రబ్బరు గొట్టానికి పిస్తోలు పిడి బిగించి, బారు అమ్మాయి కౌంటరు వెంబడి నడుస్తూ వరసగా చాచిన గ్లాసుల్లో పోసుకుంటూ పోయేది. గ్లాసు కడగటాలు లేవు, తెచ్చుకున్న దాంట్లోనే మళ్లీ. 6కి అయిదు నిమిషాలుందనగా ఒక్కొక్కడు మూడేసి నాలుగేసి గ్లాసులు ముందు పెట్టుకునేవాడు. గంట మోగాక వాటిని నిలబడినచోటే ఎత్తిపోసుకోవాలి. అన్నం తినకుండా, మాట్లాడకుండా, గంటలో అంత తాగినవాళ్లు ఇంటికెలా చేరేవారో, చేరాక ఇంట్లోవాళ్లు ఏం పడేవారో చెప్పనక్కర్లేదు. కుటుంబాల్ని కాపాడదామని పెట్టిన చట్టం సరిగ్గా కుటుంబాల మీదే పడింది. ఆ రోజుల్ని సరదాగా తలుచుకునేవాళ్లున్నారు, వాళ్లలో బారు నేల కడిగినవాళ్లు మాత్రం కనపడరు.

1942లో ప్రభుత్వం బీరు తయారీలో మూడో వంతు కోసేసింది. పీపాలు వచ్చిన రోజే తలుపు తీసేవాళ్లు, అయిపోగానే మూసేవాళ్లు. దొంగబజారు, పళ్లేల్లో ఒలికిన బీరుని మళ్లీ గ్లాసుల్లో కలపడం, బినామీ లైసెన్సులు, అన్నీ సాగాయి. 1951 నుంచి 1954 దాకా జస్టిస్ మాక్స్‌వెల్ నడిపిన విచారణ కమిషన్ ముందు ఇవన్నీ వరసగా బయటికొచ్చాయి. ఓటర్లు స్వల్ప తేడాతో ఒప్పుకున్నాక, 1955 ఫిబ్రవరి నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో రాత్రి 10 గంటల దాకా తెరవనిచ్చారు. టాస్మానియా 1937లోనే వదిలించుకుంది. విక్టోరియాకి 1966, దక్షిణ ఆస్ట్రేలియాకి 1967 దాకా తెలివి రాలేదు.

మూసిన తర్వాత పక్క తలుపు ఉండనే ఉంది. బస చేసినవాళ్లు ఎప్పుడైనా తాగొచ్చు అని చట్టం, కాబట్టి వచ్చినవాళ్ల పుస్తకంలో పేర్లు నిండేవి. ఆదివారం నిర్ణీత దూరం దాటి వచ్చిన బాటసారికి పొయ్యొచ్చు అని ఇంకో చట్టం, కాబట్టి పక్కపక్క ఊళ్ల మగవాళ్లంతా ఆదివారం ఊళ్లు మార్చుకునేవాళ్లు. వీధి చివర కాపలాకి నిలబడ్డవాడు ఈల వేస్తే లోపల దీపం ఆరేది. ఆ కాపలావాడే లోపల అక్రమంగా నడిచే గుర్రప్పందేల జూదానికీ కాపలా.

మెల్‌బోర్న్ తెలుగువాళ్లు రోజూ ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ మెట్లు దిగుతూ చూసేదే యంగ్ అండ్ జాక్సన్. 1861లో పబ్బుగా తెరిచారు, 1875లో హెన్రీ ఫిగ్స్‌బీ యంగ్, థామస్ జాక్సన్ తీసుకున్నారు. పై అంతస్తులో క్లోయీ అనే నగ్నచిత్రం ఉంటుంది. పారిస్‌లో జూల్స్ లెఫెవ్ర్ 1875లో గీసింది. 1880 మెల్‌బోర్న్ ప్రదర్శనకి వచ్చినప్పుడు డాక్టర్ ఫిట్జ్‌గెరాల్డ్ 850 గినీలకి కొన్నాడు. 1883లో ఆర్టు గ్యాలరీలో పెడితే, ఆదివారాలు కూడా జనం చూస్తున్నారని పెద్దమనుషులు గగ్గోలు పెట్టారు. ఆయన పోయాక 1909లో యంగ్ 800 పౌండ్లకి కొని బారులో వేలాడదీశాడు. గ్యాలరీలో తప్పైంది పబ్బులో తప్పు కాలేదు. రెండు యుద్ధాల్లోనూ ఓడెక్కే కుర్రాళ్లు ఆ బొమ్మ ముందు ఒక గ్లాసు తాగి పోయారు. యంగ్ వేసుకున్న లెక్కల్లో అంత లాభసాటిది ఇంకోటి లేదు.

గోడ మీద ఆడబొమ్మకి చోటున్న ఆ బారుల్లో ఆడమనిషికి చోటు లేదు. కౌంటరు వెనక పోయొచ్చు, కౌంటరు ముందు నిలబడకూడదు. ఆడవాళ్లకి పక్క గది, గోడలో చిన్న కిటికీ, అందులోంచి గ్లాసు, దానికి ధర ఒకటి రెండు పెన్నీలు ఎక్కువ. 1965 మార్చి 31న మెర్ల్ థార్న్‌టన్, రోసలీ బోగ్నర్ బ్రిస్బేన్ రెగాటా హోటల్ బారులో కాళ్లానించే కడ్డీకి గొలుసుతో తమని తాము కట్టేసుకున్నారు. పోలీసులొచ్చారు. క్వీన్స్‌లాండ్ చట్టం 1970లో మారింది. ఆదివాసులకైతే మందు అమ్మడమే నేరం. మినహాయింపు పత్రం జేబులో పెట్టుకు తిరిగినవాడికే గ్లాసు దొరికేది, ఆ పత్రాన్ని వాళ్లు కుక్క బిళ్ల అని పిలిచేవాళ్లు. న్యూ సౌత్ వేల్స్‌లో ఆ నిషేధం 1963లో పోయింది. చట్టం పోయినా చాలా ఊళ్లలో యజమానులు తలుపు తియ్యలేదు.

మీ వీధి మలుపులో మూతపడ్డ పబ్బు ఎవరిదో తెలుసుకోవాలంటే దారి ఉంది. ముందు భవనం తల మీద సున్నంలో పోసిన పేరు, సంవత్సరం చూడండి, తర్వాత వేసిన రంగుల కింద దాగి ఉంటుంది గానీ పక్కవెలుగులో కనిపిస్తుంది. ఆ పేరు, వీధి పేరు కలిపి జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టిన ట్రోవ్ పాత పత్రికల్లో వెతకండి. లైసెన్సింగ్ కోర్టు వార్తల్లో ఎవరి నుంచి ఎవరికి మారిందో ఒక్క వరసలో ఉంటుంది. పబ్బు పేరుతో దొరక్కపోతే లైసెన్సుదారు ఇంటిపేరుతో వెతకాలి, ఎందుకంటే యజమాని మారినప్పుడల్లా పబ్బు పేరూ మారేది. ఒకే పేరుతో ఒకే ఊళ్లో రెండు మూడు పబ్బులుండేవి, వీధి సరిచూసుకోకపోతే వేరేవాళ్ల తాతని తెచ్చి పెట్టుకుంటారు. న్యూ సౌత్ వేల్స్ పబ్బైతే ఇంకో నిధి ఉంది. టూత్ అండ్ కో కర్మాగారం తన బీరు అమ్మే ప్రతి పబ్బుకీ పసుపు అట్టల మీద పద్దు రాసుకుంది. లైసెన్సుదారు పేరు, అద్దె, ఎంత బీరు పోయింది, ఎంత వైను పోయింది, కొన్నిటికి భవనం ఫొటో కూడా అతికించి ఉంటుంది. కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ నోయెల్ బట్లిన్ ఆర్కైవ్స్‌లో ఆ అట్టలు భద్రంగా ఉన్నాయి, కంప్యూటరులో చూడొచ్చు. 1930ల అట్టల్లో ఆర్థిక మాంద్యం ఏ వీధిలో ఎంత గట్టిగా కొట్టిందో బీరు అంకెల్లోనే తెలిసిపోతుంది.